పేరు సరిపోని డిస్కు చెల్లదు

మా ఇంట్లో పంచదార డబ్బా మీద "ఉప్పు కాదు" అని రాసి ఉంటుంది. ఒకసారి చుట్టాలొచ్చిన హడావుడిలో నేను కాఫీలో ఉప్పు వేశానని, ఆ సాయంత్రమే మావారు కంప్యూటరులో చీటీ కొట్టి, ప్రింటు తీసి, సెల్లోటేపుతో అతికించారు. "పంచదార అని రాస్తే సరిపోయేది కదండీ" అంటే, "నీకు తెలియాల్సింది అది ఉప్పా కాదా అన్నదే కదా లీలా" అన్నారు. ఇలాంటి మనిషితో ఇరవై ఏళ్లు కాపురం చేశాను.

ఆయన పేరు శ్యామ్ బాబు. పోయి ఏడాదిన్నర అయింది. ఉదయం ప్రార్థన చేసుకుని లేస్తూ గుండె పట్టుకుని కూర్చున్నారు. అంతే. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మంచి మాటలతో మొదలెట్టాలనుకుంటాను. విసుగే ముందొస్తుంది. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకి తెలుగు చెబుతున్నదాన్ని, వ్యాసం ఎలా మొదలెట్టాలో వాళ్లకి నేర్పిన దాన్ని, నా ఇంటి మనిషి దగ్గరికొచ్చేసరికి నాకే కుదరడం లేదు. కుదరకపోతే పోనీ. విసుగుతోనే రాస్తాను.

మా మామగారు జీవరత్నం గారు రాజోలు దగ్గర మిషన్ బడిలో హెడ్మాస్టరు. కొడుకు కూడా మాస్టరవుతాడనుకున్నారు. ఈయన బీయస్సీ అయ్యాక, మా పెళ్లయిన నాలుగేళ్లకి, కాకినాడ వెళ్లి ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకొచ్చారు. అమలాపురంలో గడియార స్తంభం దగ్గర మందుల షాపు మీద ఒక గది తీసుకుని, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టారు. శుభలేఖలు, చర్చి ఉజ్జీవ కూడికల కరపత్రాలు, కొబ్బరి కమిషన్ కొట్ల బిల్లు పుస్తకాలు. అవి కడుపు నింపేవి. ఆయన మనసు మాత్రం ప్రోగ్రాములు రాయడం మీద ఉండేది. ఎవరూ అడగకుండానే రాసేవారు. మా చర్చి సంఘంలో ఎవరెవరి పుట్టినరోజు ఏ ఆదివారం దగ్గర పడుతుందో చెప్పే ప్రోగ్రాము ఒకటి రాశారు. పాస్టరుగారు దాన్ని ఒక్కసారి చూసి, "బాగుందయ్యా, మా ఆవిడ నోటికి చెబుతుంది" అన్నారు.

1999లో మాత్రం అడిగి మరీ ఒక పని ఇచ్చారు. కోనసీమలో ముప్ఫై ఒక్క ప్రైవేటు బళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. పదో తరగతి పిల్లలకి అసలు పరీక్షల ముందు ఉమ్మడిగా ఒక పరీక్ష పెట్టి, ర్యాంకులు ప్రకటించడం దాని పని. ఒక బడి పేపర్లు ఇంకో బడి టీచర్లు దిద్దుతారు. దిద్దాక కట్టలన్నీ అమలాపురంలో సంఘం గదిలో బీరువాలోకి చేరతాయి. మార్కుల జాబితా మాత్రం ఎవరి బడి వాళ్లు కంప్యూటరులో ఎక్కించి, ఫ్లాపీలో వేసి మావారికి పంపాలి. ఆయన అన్నీ కలిపి ర్యాంకులు తీస్తారు. సంఘానికి అధ్యక్షులు భీమరాజు గారు. అమలాపురంలో పెద్ద బడి ఆయనదే. వరిచేలు, కొబ్బరి తోటలు ఉన్న కుటుంబం. ఎదుటి మనిషి ఎంత చిన్నవాడైనా "అండీ" లేకుండా పిలిచే అలవాటు లేనివారు.

మొదటి ఏడాది ఆ ఫ్లాపీలు వచ్చిన తీరు చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది. ఒక బడివాళ్లు ఫైల్లో పెట్టి ట్యాగు కట్టడానికని మూలన చిల్లు పొడిచారు. ఒకరు కవరులో పెట్టి లక్క ముద్ర వేశారు, ఆ లక్క కవరులోంచి లోపలికి దిగింది. సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చినవాటికి ఉప్పుగాలికి బూజు. అన్నిటికన్నా పెద్ద గొడవ, పైన అతికించిన చీటీలు. బస్సు కండక్టరు సంచిలో తేమకి రెండు బళ్ల చీటీలు ఊడిపోతే, అతను ఎంతో మర్యాదగా వాటిని మళ్లీ అతికించి ఇచ్చాడు. దీని చీటీ దానికి, దాని చీటీ దీనికి. ర్యాంకులు ప్రకటించాక గానీ తెలియలేదు.

ఆ దెబ్బతో మావారు చీటీల మీద నమ్మకం వదిలేశారు. ఫ్లాపీకి పైన అతికించే పేరు కాకుండా లోపల కూడా ఒక పేరు ఉంటుందట. ఆయన వాడే భాషతో ఒక లైబ్రరీ వచ్చేది. అంటే ఎవరో ముందే రాసి పెట్టిన పనిముట్ల పెట్టె లాంటిది. దాన్ని అడిగితే యంత్రంలో పెట్టిన డిస్కు గురించి చెబుతుంది: అసలు డిస్కు పెట్టి ఉందా, అది ఏ రకం, ఎంత ఖాళీ ఉంది, లోపలి పేరేమిటి, దాని వరుస నంబరు ఎంత. నేను చేపల పులుసు దించుతుంటే వంటగది గుమ్మంలో నిలబడి ఇవన్నీ చెప్పారు.

"వీటిల్లో అన్నీ చదువుకోవచ్చు లీలా. పేరు ఒక్కటే మనం పెట్టగలం. మిగతావి చదవడానికే."

"కంచం పెట్టనా?"

"ఇక నుంచి ఒక్కో బడికి ఒక్కో పేరు నేనే లోపల రాసి ఇస్తాను. డిస్కు తిరిగొచ్చాక ప్రోగ్రాము ముందు ఆ పేరు చదువుతుంది. పేరు మనది కాకపోతే తీసుకోదు. చీటీ ఊడితే ఊడనీ."

"కంచం పెట్టనా అని అడుగుతున్నాను."

"పెట్టు, పెట్టు."

కంచం ముందు కూర్చుని కూడా అదే. డిస్కు పెట్టకుండా పేరడిగితే ప్రోగ్రాము మొత్తం పడిపోతోందని ఈస్టరు ముందు వారమంతా మథనపడ్డారు. చివరికి, ముందు డిస్కు ఉందా అని అడిగి, ఉందంటేనే పేరడగాలని కనిపెట్టారు. "మనింటికొచ్చిన వాళ్లు కూడా తలుపు కొట్టాకే కదండీ పేరు చెబుతారు, దీనికి వారం పట్టిందా?" అన్నాను. నవ్వలేదు. సీరియస్‌గా, "నువ్వన్నది కరెక్టే" అన్నారు. ఆయన్ని దెప్పడం కూడా దండగే.

మొత్తానికి పద్ధతి కుదిరింది. సంఘం లెటర్ హెడ్ మీద నిబంధనలు అచ్చువేశారు. ఏడోది మావారిది: "పేరు సరిపోని డిస్కు చెల్లదు." ఏటా సంఘం మీటింగులో లేచి నిలబడి ఒక మాట చెప్పేవారు. "పైన చీటీ అబద్ధం చెబుతుందండి. లోపలి పేరు అబద్ధం చెప్పదండి." అందరూ తలలూపేవారు. ఏడేళ్లు ఊపారు. మనిషికి కాస్త గర్వం కూడా వచ్చింది. లేదని నేననను.

2005లో ఫ్లాపీలు పోయి పెన్ డ్రైవులొచ్చాయి. బొటనవేలంత ఉంటుంది, కొన్ని వందల ఫ్లాపీల సరుకు పడుతుంది. లైబ్రరీ అదే, అడిగే ప్రశ్నలూ అవే. మావారు ముప్ఫై ఒక్క డ్రైవులకీ పేర్లు పెట్టి ఇచ్చారు.

ఇక్కడ కాట్రేనికోన బడి హెడ్మాస్టరు సోమేశ్వరరావు గారి గురించి చెప్పాలి. అరవై దగ్గర పడ్డ మనిషి. నిష్ఠాపరులు. వసంత పంచమికి బళ్లో సరస్వతీ పూజ ఘనంగా చేస్తారు. పిల్లల పెన్నులు, హాల్ టికెట్లు, బడి రబ్బరు స్టాంపు, అన్నీ అమ్మవారి ముందు పెట్టి పసుపు కుంకుమలు పెట్టిస్తారు. మార్కులు మోసుకెళ్లే ఫ్లాపీని కూడా పెట్టేవారు. ఫ్లాపీ ప్లాస్టిక్ పెట్టెలో ఉండేది కాబట్టి బొట్టు పెట్టె మీద పడి ఊరుకునేది. పెన్ డ్రైవుకి పెట్టె లేదు. మొదటి ఏడాది దాని ఇనుప మూతిలో పసుపు పేరుకుని వచ్చింది. మావారు గుండుసూదితో గీకి, స్పిరిట్ పెట్టి తుడిచి చదివించారు.

"పూజలో పెట్టొద్దని చెప్పండి" అన్నాను.

"నేనెలా చెబుతాను లీలా? మనం చర్చికెళ్లేవాళ్లం. వాళ్ల పూజ గురించి నేను నోరెత్తితే ఎలా ఉంటుంది?"

అందుకని బాగా ఆలోచించి అన్ని బళ్లకీ ఒక సర్క్యులరు పంపారు: "డ్రైవులకు తేమ తగలరాదు." సోమేశ్వరరావు గారు దాన్ని శ్రద్ధగా పాటించారు. తరువాతి ఏడు పూజయ్యాక పసుపు తడి ఆరేదాకా డ్రైవుని మేడ మీద ఎండలో పెట్టారు. తడి ఆరింది. పసుపు లోపల గట్టిపడింది. ఎండకి ఇంకేమయిందో గానీ, ఆ డ్రైవు మరి పలకలేదు.

అది 2006. పరీక్షలై, పేపర్లు దిద్దడమూ అయింది. డిస్కులు అందడానికి శనివారం సాయంత్రం ఐదు గంటలు గడువు. సోమవారం ర్యాంకుల ప్రకటన. ఆ ఏడు రామచంద్రపురంలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు మొదటి ర్యాంకు వచ్చిన పిల్లకో పిల్లవాడికో ఇంటరు సీటు, హాస్టలు రెండూ ఉచితం అన్నారు.

శనివారం ఒంటిపూట బడి. నేను మావారికి క్యారేజీ పట్టుకుని గదికి వెళ్లేసరికి మూడు దాటింది. సోమేశ్వరరావు గారు కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నారు. చొక్కా చెమటకి తడిసిపోయింది. మావారు తెర వంక చూస్తున్నారు. తెర మీద, "ఈ పాఠశాల డిస్కు ఇంతకుముందే అందినది" అని ఉంది.

"అందడమేంటండీ, నేనిప్పుడే కదండీ బస్సు దిగేను!" అన్నారాయన.

"మాష్టారూ, ఇది మీ డ్రైవు కాదు కదండీ?"

"ఆయ్. మాది పలకలేదండీ. నిన్న అమలాపురం వచ్చి భీమరాజు గారి బళ్లో అడిగేనండి. రాజేశ్వరమ్మ గారు, ఆఫీసులో ఉంటారు, ఆవిడ కాఫీ ఇచ్చి మరీ ఇచ్చేరు. వాళ్ల మార్కులు ముందే మీకు అందజేసేసేరంట. ఖాళీగానే ఉంది, తీసుకెళ్లండి మాష్టారూ అన్నారు. మా బళ్లోకి పట్టుకెళ్లి మార్కులు దీన్లోకి ఎక్కించుకొచ్చేనండి."

అడిగితే లేదనకపోవడం మా ప్రాంతపు మర్యాద. పెళ్లికి గుండిగలు అరువిచ్చినట్టు పెన్ డ్రైవు ఇచ్చింది ఆవిడ. లోపల పేరు భీమరాజు గారి బడిది. ఆ బడి జాబితా కూడా ఇంకా అందులోనే ఉంది. మావారి ప్రోగ్రాము పేరు చదివి, ఈ బడి ముందే వచ్చేసింది పొమ్మంది.

మావారు డ్రైవులోని కాట్రేనికోన జాబితా తెరిచి చూశారు. మొదటి పేరు సత్యశ్రీ. ఆరువందలకి ఐదువందల డెబ్బై ఒకటి. అప్పటిదాకా అందరికన్నా ముందున్నది భీమరాజు గారి బడి కుర్రాడు, ఐదువందల అరవై ఆరు.

"మా పిల్లేనండి" అన్నారు సోమేశ్వరరావు గారు. "వాళ్ల నాన్న పడవ మీద కూలీకి వెళ్తాడండి. పరీక్షలయ్యేక పిల్లని రొయ్యలు వలిచే షెడ్డులో పెట్టేస్తానంటే నేనే ఆపేనండి. రామచంద్రపురం సీటొస్తాది, నాదీ పూచీ అని చెప్పేనండి. ఇప్పుడు నేను ఆ గుమ్మంలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాను చెప్పండి?"

నేను మావారి పక్కకి వెళ్లి నెమ్మదిగా అన్నాను. "ఏవండీ, ఆ పేరు మీరే పెడతారు కదా. కాట్రేనికోన అని మార్చేయండి. ఒక్క నిమిషం పని."

"నిమిషం కూడా పట్టదు."

"మరి?"

"మారిస్తే అది కాట్రేనికోన డ్రైవు అని నేను అబద్ధం చెప్పినట్టు. ఇందులో రెండు బళ్ల మార్కులూ ఉన్నాయి. ఈయన ఆ కుర్రాడి మార్కులు చూసి తన పిల్లకి ఐదు కలిపేరని రేపెవరైనా అంటే?"

"నేనాండీ?" అన్నారు సోమేశ్వరరావు గారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మీరు చేసేరని కాదు మాష్టారూ. చేయలేదని నేనెలా చెప్పను?"

"చెల్లదని మాత్రం చెప్పగలరు!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాననుకుంటాను, కింద మందుల షాపువాళ్లు పైకి చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక పిల్ల చదువు ఆగిపోతుంటే ఈయన ఏడో నిబంధన పట్టుకుని కూర్చున్నారు. ఆ నిబంధన ఆయన పెట్టిందే. ఆయన మార్చగలిగిందే.

మావారు భీమరాజు గారికి ఫోను చేసి సంగతి చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం కమిటీ కూర్చునేలా మాట్లాడారు. క్యారేజీ ముట్టలేదు. నేను దాన్ని అలాగే ఇంటికి తీసుకెళ్లి, ఆ అన్నమే చల్ల మిరపకాయలతో నేను తిన్నాను. ఆయనకి వేరే పెట్టలేదు. ఆయన అడగనూ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక భీమరాజు గారి బడి హాలుకి వెళ్లాం. పేపర్లు దిద్దినవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి నన్నూ రమ్మన్నారు. పదిహేనుమంది దాకా హెడ్మాస్టర్లు, కరస్పాండెంట్లు. టేబులు మీద బడి కంప్యూటరు. దాని ముందు రాజేశ్వరమ్మ గారు, తప్పంతా తనదే అన్నట్టు తలొంచుకుని కూర్చుంది.

భీమరాజు గారు ఎప్పటిలాగే నెమ్మదిగా మొదలెట్టారు.

"సోమేశ్వరరావు గారి మీద మాకెవరికీ అనుమానం లేదండీ. మాష్టారంటే మాకు గౌరవం. కాకపోతే రూలొకటి ఉంది కదండీ. మేం పెట్టింది కాదు. శ్యామ్ బాబు గారు పెట్టేరు, మేం ఒప్పుకున్నాం. ఏడేళ్లయి పాటిస్తన్నాం. అవునాండీ?"

"ఆయ్" అన్నారు మావారు.

"మా బడి కుర్రాడు రెండోవాడైతే నాకు బాధ లేదండీ. కానీ మిషను ఒప్పుకున్న ముప్ఫై డిస్కుల మీద ఏ అనుమానమూ లేదు. ఒప్పుకోనిది ఒక్కటే. దానికోసం రూలు తీసి పక్కన పెడితే, మిగతా ముప్ఫై మందికీ ఏం సమాధానం చెబుతాం?"

ఆ మాట తప్పని ఎవరు అనగలరు? అందరూ తలలూపారు. సోమేశ్వరరావు గారు కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను మావారి వంక చూశాను. ఇప్పుడైనా ఏదో ఒక మెలిక పెట్టి ఆ పిల్లని గట్టెక్కించండి అని నా చూపు.

ఆయన లేచారు. "రాజు గారూ, మిషను ఒప్పుకున్నంత మాత్రాన అనుమానం లేదనుకోవడం... అది పొరపాటండి. నాదే పొరపాటు. చూపిస్తాను."

అరువుకి వెళ్లొచ్చిన డ్రైవుని రాజేశ్వరమ్మ గారి చేత పెట్టించారు. ఏ బడీ ఇంకా అందనట్టు ఖాళీ జాబితాతో, వెంట తెచ్చిన తన ప్రోగ్రాము నడిపారు. భీమరాజు గారి బడి పేరు వచ్చింది. తరువాత తెర మీద ఇంకో కిటికీ తెరిచి ఒకే ఒక్క వరుస కొట్టారు. పేరు చదివే చోట ఉండే మాటే, కాకపోతే ఈసారి పక్కన సమానం గుర్తు పెట్టి, కొటేషన్లలో కాట్రేనికోన బడి పేరు. మీట నొక్కారు. మళ్లీ తన ప్రోగ్రాము నడిపారు.

"కాట్రేనికోన డిస్కు అందినది. ధన్యవాదములు."

ముందు వరసవాళ్లు తెర దగ్గరికి ఒంగారు.

"నా డ్రైవు మీద వాళ్ల పేరెలా వచ్చిందండీ?" అంది రాజేశ్వరమ్మ గారు.

వెనక వరసలో ఎవరో అన్నారు. "మీరు ప్రోగ్రాములు రాసేవారు కాబట్టి చేసేరండీ. మాకేం వస్తాదండి అది!"

నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. చాలు, ఇక్కడితో ఆపండి, మీ ఒక్కరికే వచ్చని ఒప్పుకుని కూర్చోండి అని. ఆయన ఆపలేదు. "అమ్మా, మీరు ఆ డ్రైవు బొమ్మ మీద మౌసు కుడివైపు నొక్కండి. అక్కడ పేరు మార్చమని ఉంటుంది. ఆయ్, అదే. ఇప్పుడు మీకు తోచింది కొట్టండి."

ఆవిడ ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. ప్రోగ్రాము మళ్లీ నడిపారు. "రాజి అను పాఠశాల మన సంఘంలో లేదు" అని వచ్చింది. వెనక వరస ఘొల్లుమంది. ఆవిడ మొహం కందగడ్డ అయిపోయింది. "ఇంతేనాండీ? ఇన్నేళ్లూ ఇది మీకొక్కరికే వచ్చనుకున్నామండీ" అంది.

"నేనూ అలాగే అనుకోనిచ్చేనండి" అన్నారు మావారు.

నాక్కూడా చెప్పలేదు ఆ సంగతి. ఏడేళ్లు నేను పెట్టిన కంచం ముందు కూర్చుని లైబ్రరీ గురించి చెప్పిన మనిషి, మౌసు కుడివైపు నొక్కితే ఎవరైనా మార్చేయొచ్చని ఒక్క ముక్క చెప్పలేదు.

భీమరాజు గారి మొహంలో మొదటిసారి విసుగు చూశాను. "అయితే ఏది నిజమండీ? ఏడేళ్లయి మీరు లేచి చెప్పిన మాటేంటి?"

"నంబరొకటి ఉంటుందండి. పేరులాగా మార్చడానికి వీలుపడదు. అది కూడా నేను ఏటా చదువుతూనే ఉన్నాను. ఎక్కడా రాసి పెట్టుకోలేదు. తప్పేనండి. రాసుకున్నా అది డ్రైవు ఎవరిదో చెబుతుంది గానీ, మార్కులు ఎవరివో చెప్పదు. మార్కులు పక్కనే సంఘం గదిలో బీరువాలో ఉన్నాయండి. ఆ ఒక్క పిల్లవే కాదు. మొదటి పది మందివీ విప్పి కూడండి."

అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలెట్టారు. ఇంత తిరకాసు ఉంటే ఏడేళ్లు ఎందుకు చెప్పలేదని ఒకరు. పోయినేడు మా పిల్లవాడికి మూడో ర్యాంకు నిజంగా వచ్చిందా రాలేదా అని ఒకరు. ఆయన అందరికీ "ఆయ్", "ఆయ్" అంటూ నిలబడే ఉన్నారు. చివరికి భీమరాజు గారే బీరువా తాళం తీసి టేబులు మీద పెట్టారు. ఇంత విన్నాక విప్పకుండా ఉండటం ఆయన వల్ల కూడా కాదు.

మేం నలుగురు టీచర్లం పది మంది పేపర్లు ముందేసుకుని రెండున్నర గంటలు కూడాం. ఒకరు కూడింది ఇంకొకరు చూడాలి. ఒక్కొక్కరికి పదకొండు పేపర్లు. సత్యశ్రీ సాంఘిక శాస్త్రంలో ఒక ప్రశ్నకి మార్కులు రెండుసార్లు కలిపారు. రెండు తగ్గాయి. ఐదువందల అరవై తొమ్మిది. సోమేశ్వరరావు గారు కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు. తరువాత భీమరాజు గారి బడి కుర్రాడిది. లెక్కల్లో ఒక చివరి పేజీ ఎవరూ చూసుకోలేదు. రెండు పెరిగాయి. ఐదువందల అరవై ఎనిమిది. నేను మూడోసారి కూడాను. అరవై ఎనిమిదే. ఒక్క మార్కు.

భీమరాజు గారు కళ్లజోడు పెట్టుకుని రెండు కట్టలూ తానే చూశారు. జాబితా మీద సత్యశ్రీ పేరు పక్కన ఒకటి అని తన చేత్తోనే వేసి సంతకం పెట్టారు. "మాష్టారూ, రామచంద్రపురం వాళ్లకి రేపు నేనే ఫోను చేస్తానండి. పిల్లని సిద్ధంగా ఉండమనండి" అన్నారు. ఆ మాటకి నేను ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. సోమేశ్వరరావు గారు మావారి చేతులు రెండూ పట్టుకున్నారు.

అందరూ లేస్తుంటే భీమరాజు గారు మావారి దగ్గరికొచ్చారు.

"శ్యామ్ బాబు గారూ, ఏమీ అనుకోకండి. వచ్చే ఏడాది నుంచి ఈ పని రాజమండ్రిలో ఎవరికైనా చెబుదామనుకుంటున్నామండీ. మీ మీద కోపం కాదు. ఇంతమందికీ తెలిసిపోయేక, మీ లెక్కని మళ్లీ నమ్మమని వీళ్లకి నేను చెప్పలేనండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు మావారు. శుభలేఖల ఆర్డరు తీసుకున్నంత మామూలుగా.

ఏడేళ్లు ఆయనకి ఇష్టమైన పని అదొక్కటే. అది ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకుని స్కూటరు తాళం కోసం జేబులు తడుముకుంటున్నారు. తాళం స్కూటరుకే ఉంది.

కాలవ గట్టు మీద వస్తుంటే నేను పట్టలేకపోయాను.

"ఆ ముక్కేదో రాజుగారిని పక్కకి పిలిచి చెవిలో చెబితే పోయేది కదండీ! అంతమందిలో ఆ రాజేశ్వరమ్మ గారి చేత కూడా చేయించాలా?"

వంతెన దాటాక, ఆయన తల కొంచెం వెనక్కి తిప్పి అన్నారు.

"చెవిలో చెబితే, ఆయన మంచివారు కాబట్టి, సరేలెండి శ్యామ్ బాబు గారూ, మన మధ్యే ఉంచుకుందాం అనేవారు లీలా. బీరువా తీసేవారు కాదు."

ఆయన చెప్పింది నిజం. పక్కకి పిలిస్తే ఎవరి పరువూ పోకుండా సర్దుబాటు అయిపోయేది, అలా సర్దుకోవడం మా అందరికీ వచ్చు. ఆ పిల్ల వేసవిలో రొయ్యలు వలుస్తూ ఉండేది. ఆయన అన్నది నిజమని అప్పుడే తెలిసింది నాకు. తెలిసినా ఇంటికెళ్లాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు విసుగంతా అక్కడే. ఆయన తప్పు చేసి ఉంటే ఒకటి రెండు రోజులు తిట్టుకుని మర్చిపోయేదాన్ని.